చదివిన చోటే కొలువు

విశ్వవిద్యాలయాల్లో అధ్యాపక నియామకాల మాట ఎత్తితే మన దగ్గర చర్చంతా మూడు విషయాల చుట్టూ తిరుగుతుంది: ఖాళీలు ఎన్ని ఉన్నాయి, రోస్టర్ సరిగ్గా పాటించారా, కోర్టు స్టే ఎప్పుడు తొలగుతుంది. మూడూ ముఖ్యమైనవే. తెలంగాణ రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో మంజూరైన బోధన పోస్టుల్లో నాలుగింట మూడు వంతులకు దగ్గరగా రెగ్యులర్ అధ్యాపకులు లేరు. ఆంధ్రప్రదేశ్‌లో 2023లో మూడు వేలకు పైగా పోస్టులకు వెలువడిన నోటిఫికేషన్లు న్యాయ వివాదాల్లో చిక్కుకుని ముందుకు సాగలేదు. ఇన్నేళ్ల ఎదురుచూపు తర్వాత ఆ కుర్చీల్లో ఎవరు కూర్చుంటే వాళ్లే రాబోయే మూడు దశాబ్దాలు అక్కడ పాఠం చెబుతారు, సిలబస్ రాస్తారు, పరిశోధన చేయిస్తారు. అందుకే నాలుగో ప్రశ్న కూడా ఇప్పుడే అడగాలి: వచ్చేవాళ్లు ఎక్కడ చదివి, ఎవరి దగ్గర పరిశోధన చేసి వస్తున్నారు? ఏ విశ్వవిద్యాలయం పీహెచ్‌డీ ఇచ్చిందో అదే వెంటనే ఉద్యోగమూ ఇచ్చే ఆనవాయితీ మన భాషా సాహిత్య, సామాజిక శాస్త్ర విభాగాలను లోలోపల గుల్ల చేసింది. దాన్ని మంచి మాటలతో మాన్పించలేం, నిబంధన పెట్టి ఆపాలి.

ఈ ఆనవాయితీకి ఎవరో ఒక్కరు బాధ్యులు కారు. అది తనంతట తాను నడిచిపోయే ఏర్పాటు. 371-డి అధికరణం కింద 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు ఉమ్మడి రాష్ట్రాన్ని ఆంధ్ర, ఉస్మానియా, శ్రీవేంకటేశ్వర అనే మూడు విశ్వవిద్యాలయ ప్రాంతాలుగా విడదీసి, ప్రవేశాల్లో 85 శాతం సీట్లు స్థానికులకు కేటాయించింది. ప్రాంతీయ అసమానతలకు అది అవసరమైన విరుగుడే, తప్పు పట్టాల్సిన పని లేదు. కానీ దాని వెంట వచ్చిన పరిణామం చూడాలి. తన ప్రాంతంలో డిగ్రీ చదివిన విద్యార్థి తన ప్రాంత విశ్వవిద్యాలయంలోనే ఎం.ఏ.లో చేరతాడు. పాఠం చెప్పిన సారే గైడ్ అవుతాడు. పరిశోధన సాగుతుండగానే ఆ విభాగంలోనే క్లాసులు తీసుకోవడం మొదలవుతుంది. ఒకచోట పార్ట్‌టైమ్ అంటారు, ఇంకోచోట కాంట్రాక్టు, మరోచోట అకడమిక్ కన్సల్టెంట్. పదేళ్లో పదిహేనేళ్లో గడిచాక నోటిఫికేషన్ పడితే ఆ పోస్టు మీద తనకే హక్కు ఉందని అతను అనుకోవడం సహజం, విభాగం అనుకోవడమూ సహజమే. ఉద్యోగం వచ్చాక అదే బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో తన గురువు పక్కన కూర్చుని, తాను చదివిన సిలబస్‌నే నాలుగు మార్పులతో ఆమోదిస్తాడు. తర్వాత తానూ గైడ్ అవుతాడు. పదిహేడేళ్ల వయసు నుంచి అరవై దాటేదాకా ఒక మనిషి మేధోజీవితం మొత్తం ఒకే వరండాలో గడిచిపోతుంది. ఏ రాష్ట్ర విశ్వవిద్యాలయ విభాగంలోనైనా అధ్యాపకుల వివరాల పేజీ తెరిచి, పేర్ల పక్కన పీహెచ్‌డీ ఏ విశ్వవిద్యాలయానిదో చూస్తూ పోతే ఈ కథ ఎంత మామూలో ఎవరికైనా అర్థమవుతుంది. 2006–08 మధ్య జిల్లాల్లో వెలిసిన కొత్త విశ్వవిద్యాలయాలూ దీన్ని పెద్దగా మార్చలేదు. వాటిలో చాలావాటికి పునాది పాత విశ్వవిద్యాలయాల పీజీ సెంటర్లే, అధ్యాపకులూ అక్కడి నుంచి వచ్చినవాళ్లే.

రసాయన శాస్త్రంలోనో ఇంజనీరింగ్‌లోనో కూడా ఇదే జరుగుతోంది కదా, మానవీయ శాస్త్రాలకే ఎందుకు అంత గండం అని అడగవచ్చు. తేడా ఉంది. ప్రయోగశాలలో గురువు తప్పు చెబితే పరికరం పట్టిస్తుంది. ప్రయోగం ఎక్కడ చేసినా ఫలితం ఒకేలా రావాలి. రాకపోతే ప్రశ్న పుడుతుంది. చరిత్రలో, రాజనీతి శాస్త్రంలో, సాహిత్య విమర్శలో ఆ పని చేయాల్సింది ఎదుటి మనిషి. ఈ ఆధారాన్ని మీరు ఇలా చదివారు, నేను మరోలా చదువుతాను అనే సహోద్యోగి పక్క గదిలో లేకపోతే ఏ వ్యాఖ్యానమైనా ప్రశ్న ఎదుర్కోకుండానే ముసలిదైపోతుంది. అదీగాక ఈ శాస్త్రాల్లో పరిశోధకుడికి గురువు నుంచి వచ్చేది సమాచారం ఒక్కటే కాదు. ఏది అడగదగ్గ ప్రశ్న, ఏది కాదు అన్న అంచనా కూడా అక్కడి నుంచే వస్తుంది. తెలుగు శాఖల్లో పరిశోధన శీర్షికలు చూడండి: ఫలానా రచయిత జీవితం, సాహిత్యం, ఒక పరిశీలన. మొదటి అధ్యాయం జీవిత విశేషాలు, రెండోది సమకాలీన పరిస్థితులు, తర్వాత కథలకొకటి, నవలలకొకటి, చివర ముగింపు. రాజనీతి శాస్త్రంలో ఫలానా పథకం అమలు, ఒక జిల్లా అధ్యయనం. రెండు మండలాలు, ఒక ప్రశ్నావళి, శాతాల పట్టికలు. ఈ అచ్చులో మంచి పనులు రాలేదని కాదు. కానీ అచ్చు మారకుండా తరం నుంచి తరానికి దిగుతోందంటే విద్యార్థికి తెలివి లేక కాదు. గురువూ గురువు గురువూ అదే గదిలో అదే అచ్చులో రాసినవాళ్లు కావడం వల్ల. ఇంకోలా రాయవచ్చని చూపించే మనిషి అతనికి ఎదురుపడలేదు.

మన విశ్వవిద్యాలయాలు ఎప్పుడూ ఇలాగే ఉన్నాయనుకుంటే పొరపాటు. 1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి 1931లో సర్వేపల్లి రాధాకృష్ణన్ ఉపకులపతి అయ్యాక అధ్యాపకుల కోసం దేశమంతా గాలించారు. ఆక్స్‌ఫర్డ్‌లో చదివి వచ్చిన బెంగాలీ యువకులు హుమాయూన్ కబీర్, హిరేన్ ముఖర్జీ ఇద్దరూ 1930లలో వాల్తేరులో పాఠాలు చెప్పారు. ఒకరు తర్వాత కేంద్రమంత్రి అయ్యారు, మరొకరు కమ్యూనిస్టు పార్లమెంటేరియన్‌గా పేరు తెచ్చుకున్నారు. 1918లో మొదలైన ఉస్మానియా మాటకొస్తే, అక్కడ తెలుగు శాఖను నిలబెట్టిన రాయప్రోలు సుబ్బారావు గుంటూరు ప్రాంతం నుంచి వెళ్లినవారు. చరిత్ర, రాజనీతి చెప్పిన హరూన్ ఖాన్ షేర్వానీ అలీగఢ్ వైపు వారు, ఆక్స్‌ఫర్డ్‌లో చదివారు. బహమనీలు, కుతుబ్‌షాహీల మీద ఇవాళ్టికీ పరిశోధకులు తిరగేసే ప్రామాణిక గ్రంథాలు రాసింది ఆయనే. సమాజశాస్త్రంలో శ్యామాచరణ్ దూబే మధ్య భారతం నుంచి వచ్చారు. హైదరాబాద్ పక్కనున్న శామీర్‌పేటను అధ్యయనం చేసి 1955లో ఆయన వెలువరించిన గ్రంథంతో ఒక తెలంగాణ పల్లె ప్రపంచ సమాజశాస్త్రంలోకి వెళ్లింది. ఆదిలాబాద్ రాజ్‌గోండుల జీవితాన్ని గ్రంథస్థం చేసిన హైమెన్‌డార్ఫ్ ఆస్ట్రియా దేశస్థుడు, కొంతకాలం ఉస్మానియాలో మానవశాస్త్ర ఆచార్యుడు. మన గురించి మనకు చెప్పిన మూల గ్రంథాల్లో కొన్నింటిని బయటి నుంచి వచ్చినవాళ్లు రాశారు. మనవాళ్లకు చేతకాక కాదు. రోజూ చూసేదాన్ని ప్రశ్నగా మార్చడానికి కొంత దూరం కావాలి, వాళ్లకు ఆ దూరం ఉంది.

మనవాళ్లకూ ఆ దూరం దొరికినప్పుడు ఏం జరిగిందో భద్రిరాజు కృష్ణమూర్తి జీవితం చెబుతుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో తెలుగు ఆనర్స్ చదివిన ఆయన అక్కడే ఆగిపోయి ఉంటే మంచి తెలుగు పండితుడు అయ్యేవారు. అమెరికా వెళ్లి పెన్సిల్వేనియాలో పీహెచ్‌డీ చేశారు, ద్రావిడ భాషాశాస్త్రంలో దిగ్గజమైన ఎమెనో మార్గదర్శనం పొందారు. తెలుగు క్రియాధాతువుల మీద ఆ పరిశోధన 1961లో పుస్తకమైంది. 1962లో ఆయన వచ్చి భాషాశాస్త్ర శాఖ పెట్టింది తాను చదివిన వాల్తేరులో కాదు, ఉస్మానియాలో. మాండలిక వృత్తి పదకోశాల పనికి, అంటే రైతులు, నేతపనివాళ్లు వాడే మాటల్ని ఊరూరా సేకరించే పనికి, ఆయన దారి వేశారు. సాహిత్య శాఖలో పుట్టిన మనిషి భాషాశాస్త్రం నేర్చి, మరో విశ్వవిద్యాలయంలో మరో శాఖ కట్టాడు. ఈ ప్రయాణంలో ప్రతి మలుపూ ఇవాళ్టి నియామకాల తీరులో కష్టసాధ్యమే. శాఖ దాటితే మీ ఎం.ఏ. ఈ సబ్జెక్టు కాదంటారు, విశ్వవిద్యాలయం దాటితే మీరు మావాళ్లు కాదంటారు. వరంగల్‌లో గణితంలో పీహెచ్‌డీ చేసి కాకతీయలో గణితం బోధించిన కె. బాలగోపాల్ తెలుగులో సామాజిక విశ్లేషణకు కొత్త ప్రమాణం తెచ్చినా, ఏ చరిత్ర శాఖ ఇంటర్వ్యూలోనూ ఆయనకు చోటు ఉండేది కాదు.

నిబంధనల్లో ఈ విషయానికి ఎంత విలువ ఇచ్చారో చూద్దాం. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం విశ్వవిద్యాలయ అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకు ఇంటర్వ్యూకి పిలవడానికి అభ్యర్థులకు మార్కులు వేస్తారు. డిగ్రీకి గరిష్ఠంగా 15, పీజీకి 25, పీహెచ్‌డీకి 30, జేఆర్‌ఎఫ్‌తో నెట్ ఉంటే 7, పరిశోధన వ్యాసాలకు 10, అనుభవానికి 10, అవార్డులకు 3. పీహెచ్‌డీ ఉంటే 30 మార్కులూ వస్తాయి. అది ఎక్కడిది, ఎవరి దగ్గర చేసింది, ఏ ప్రశ్న మీద చేసింది అన్న తేడా ఏదీ ఆ పట్టికకు తెలియదు. అనుభవం కింద ఏడాదికి రెండు మార్కులు, అది తన సొంత విభాగంలో సంపాదించినా అంతే, వెయ్యి కిలోమీటర్ల దూరంలో సంపాదించినా అంతే. ఆ తర్వాత ఎంపిక కమిటీ ముందు ఇంటర్వ్యూ. ఉపకులపతి అధ్యక్షుడు, విభాగాధిపతి, డీన్ సభ్యులు, ముగ్గురు సబ్జెక్టు నిపుణులు బయటి నుంచి. నిపుణులు బయటివారే అయినా వాళ్లను ఏరుకునేది విశ్వవిద్యాలయమే. బల్లకు అవతల కూర్చున్న విభాగాధిపతికి ఇవతల కూర్చున్న అభ్యర్థి పదిహేనేళ్లుగా తెలిసిన శిష్యుడైతే, ఆ ఇంటర్వ్యూ ఎంత నిజాయితీగా జరిగినా, తొలిసారి ఆ గదిలోకి అడుగుపెట్టిన పరాయి అభ్యర్థితో సమానమైన పోటీ కాదు. ఇక్కడ లంచం, సిఫారసు వంటివి ఏవీ ఊహించనక్కరలేదు, పరిచయం ఒక్కటే చాలు.

ఈ వాదనకు వచ్చే అభ్యంతరాల్లో తేలికైనది మొదట. సొంత విశ్వవిద్యాలయంలోనే చదివి, అక్కడే పనిచేసి గొప్ప పని చేసినవాళ్లు లేరా? ఉన్నారు. ఉస్మానియాలో చదివి, జానపద గేయ సాహిత్యం మీద అక్కడే పీహెచ్‌డీ చేసి, అక్కడే ఆచార్యుడైన బిరుదురాజు రామరాజు ఒక్క పేరు చాలు. తెలుగులో జానపద విజ్ఞాన అధ్యయనానికి ఆయన దారి వేశారు. అయితే ఆయన చదివిన ఉస్మానియా ఎలాంటిదో మరిచిపోకూడదు. ఉర్దూ, తెలుగు, మరాఠీ, కన్నడ పక్కపక్కన వినిపించిన చోటది, అధ్యాపకులు దేశం నలుమూలల నుంచి వచ్చిన చోటది. బయటి గాలి ఆడే ఇంట్లో ఇంటిబిడ్డ ఎదగడం వేరు, ఇంట్లో అందరూ ఇంటివాళ్లే అయిపోవడం వేరు. నా అభ్యంతరం ఏ వ్యక్తి మీదా కాదు, విభాగం మొత్తం కూర్పు మీద.

భాష గురించిన అభ్యంతరం దీనికంటే బరువైనది. ఎం.ఏ.కి వచ్చే విద్యార్థుల్లో ఎక్కువమంది తెలుగు మీడియంలో చదివి వచ్చినవాళ్లు. పాఠం ఇంగ్లీషులోనో హిందీలోనో మాత్రమే చెప్పగల అధ్యాపకుడు వాళ్లకు ఏం ఉపయోగం? ఇది నిజమైన ఇబ్బంది, దీన్ని పక్కకు తోసేయలేం. ఎంపికలో తెలుగులో పాఠం చెప్పించి చూడటం దీనికి మందు. సొంత విశ్వవిద్యాలయ పట్టా అడగడం మందు కాదు. తెలుగు వచ్చి, వేరేచోట చదివినవాళ్లకు కొదవ లేదు. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో, ఇఫ్లూలో, ఢిల్లీలో, చెన్నైలో, బెంగళూరులో సామాజిక శాస్త్రాల్లో పరిశోధన చేసిన తెలుగు పిల్లలు వందల్లో ఉన్నారు. వాళ్లలో చాలామంది ఊళ్ల నుంచి, సంక్షేమ హాస్టళ్ల నుంచి వెళ్లినవాళ్లు. తిరిగొచ్చి శ్రీకాకుళంలోనో నల్లగొండలోనో పాఠం చెప్పడానికి వాళ్లు సిద్ధమే. తలుపు తెరవాల్సింది మనం.

అన్నింటికంటే గట్టి అభ్యంతరం సామాజిక న్యాయం వైపు నుంచి వస్తుంది. ఎక్కడ చదివారన్నది కొలబద్ద చేస్తే అది పేరున్న సంస్థల పట్టాలకు పట్టం కట్టడం అవుతుందని, తొలితరం దళిత, గిరిజన, బీసీ పరిశోధకుడు నష్టపోతాడని అంటారు. ఈ భయం ఊరికే పుట్టింది కాదు. అమెరికాలో ఏం జరిగిందో చూడండి. చరిత్ర సహా మూడు రంగాల్లో దాదాపు 19 వేలమంది అధ్యాపకుల నేపథ్యాలు పరిశీలించిన 2015 నాటి అధ్యయనంలో, పావు వంతు సంస్థలే 71 నుంచి 86 శాతం అధ్యాపకులను తయారు చేశాయని తేలింది. 2022లో నేచర్ పత్రికలో వచ్చిన మరో అధ్యయనం దాదాపు 2,95,000 మందిని లెక్కలోకి తీసుకుంది. అమెరికాలో డాక్టరేట్ పొందిన అధ్యాపకుల్లో ప్రతి ఎనిమిది మందిలో ఒకరు కేవలం అయిదు విశ్వవిద్యాలయాల నుంచి వచ్చినవారే. అక్కడ తన డాక్టరేట్ ఇచ్చిన చోటే పనిచేసేవాళ్లు పదకొండు మందిలో ఒకరికి మించరు. అంటే సొంతింటి నియామకాల జబ్బు అక్కడ తక్కువ, పెద్దింటి నియామకాల జబ్బు ఎక్కువ. మనం ఆ రెండో జబ్బును కొని తెచ్చుకోకూడదు. కాబట్టి నేను అడుగుతున్నది పేరున్న పట్టా కాదు, వేరేచోటి పట్టా. అనంతపురం పరిశోధకుడు వరంగల్ వెళ్లాలి, వరంగల్ పరిశోధకురాలు తిరుపతి వెళ్లాలి, విశాఖ నుంచి ఒకరు నిజామాబాద్ రావాలి. ఢిల్లీ, ఆక్స్‌ఫర్డ్ ప్రస్తావన లేకుండానే ఈ కలయిక సాధ్యం. రోస్టర్‌లో ఒక్క పాయింటు కూడా కదలదు. ఎస్సీ మహిళకు కేటాయించిన పోస్టు ఎస్సీ మహిళకే దక్కుతుంది, ఆమె మరో విశ్వవిద్యాలయం నుంచి వస్తుంది, అంతే. పైగా గైడ్ అనుగ్రహం మీద భవిష్యత్తు వేలాడే ఏర్పాటులో ఎక్కువగా నలిగేది ఎవరు? వెనక ఎవరూ లేని తొలితరం పరిశోధకులే. గురువుతో విభేదించే ఒక్క వాక్యం సిద్ధాంత గ్రంథంలో రాయడానికి వాళ్లు భయపడాల్సి వస్తుంది, రేపటి ఉద్యోగం ఆ గురువు చేతిలోనే ఉంది కాబట్టి. ఉద్యోగం మరోచోట అని ముందే తెలిస్తే ఆ భయం చాలావరకు పోతుంది.

రాష్ట్రాల సరిహద్దు దాటడం గురించిన సంకోచానికి మన చరిత్రలోనే కారణాలున్నాయి. 1952 ముల్కీ ఉద్యమం, 1969 తెలంగాణ ఉద్యమం రెండూ ఉద్యోగాలు బయటివాళ్ల పాలవుతున్నాయన్న బాధతో రగిలినవే. ఆ గాయాన్ని తేలిగ్గా తీసుకుని ఎవరూ విధానం చేయలేరు. రెండు రాష్ట్రాల మధ్య రాకపోకలకు రాజకీయ అంగీకారం కుదిరేదాకా ఒక రాష్ట్రంలోని విశ్వవిద్యాలయాల మధ్యనైనా మొదలుపెట్టవచ్చు. ఉస్మానియా, కాకతీయ, పాలమూరు, శాతవాహన మధ్య. ఆంధ్ర, నాగార్జున, శ్రీవేంకటేశ్వర, శ్రీకృష్ణదేవరాయ మధ్య.

నిబంధన ఎలా ఉండాలి? తాను పీహెచ్‌డీ ఇచ్చిన వ్యక్తిని, పట్టా వచ్చాక కనీసం మూడేళ్లు మరో విశ్వవిద్యాలయంలోనో పరిశోధన సంస్థలోనో పనిచేయకుండా, ఏ విశ్వవిద్యాలయమూ అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా తీసుకోకూడదు. ఇది కొత్త ఆలోచనేమీ కాదు. జర్మనీలో సొంత విశ్వవిద్యాలయంలోని వ్యక్తిని నేరుగా ఆచార్య పదవికి పిలవకూడదన్న కట్టుబాటు చాలాకాలంగా ఉంది, అసాధారణ సందర్భాల్లోనే మినహాయిస్తారు. దాని వల్ల అక్కడి యువ పరిశోధకులు ఏళ్ల తరబడి ఊరు మారుతూ అభద్రతలో బతకాల్సి వస్తోందన్న విమర్శ కూడా ఉంది. కాబట్టి మన దగ్గర దాన్ని అసిస్టెంట్ ప్రొఫెసర్ స్థాయిలో ఒక్కసారికే పరిమితం చేయాలి. మూడేళ్లు గడిచాక సొంతచోటికి పోటీపడి రావడానికి దారి తెరిచే ఉండాలి. పిల్లలున్న మహిళా పరిశోధకులకు ఊరు మారడం మరింత భారం గనక వాళ్ల విషయంలో ఈ గడువును తగ్గించాలి, క్యాంపస్‌లో ఇల్లు ఇవ్వాలి.

మిగిలింది కాంట్రాక్టు అధ్యాపకుల విషయం, అన్నింటికంటే కష్టమైనది ఇదే. రెగ్యులర్ నియామకాలు ఆగిపోయిన ఏళ్లలో విశ్వవిద్యాలయాలను మోసింది వాళ్లు. తక్కువ జీతానికి, సెలవుల జీతం లేకుండా, ప్రతి ఏడాదీ రెన్యువల్ కోసం చేతులు కట్టుకుని నిలబడి పనిచేశారు. ఇప్పుడొక కొత్త నిబంధన చూపించి వాళ్లను బయటకు పంపితే అది అన్యాయం. వాళ్ల సర్వీసుకు పూర్తి వెయిటేజీ ఇవ్వాలి, వయోపరిమితి సడలించాలి. కానీ ఆ వెయిటేజీ రాష్ట్రంలోని అన్ని విశ్వవిద్యాలయాల పోస్టులకూ వర్తించాలి. ఉస్మానియాలో పన్నెండేళ్లు పాఠం చెప్పిన కాంట్రాక్టు లెక్చరర్‌కు కాకతీయలో ఆ పన్నెండేళ్లూ లెక్కలోకి రావాలి, కాకతీయ లెక్చరర్‌కు ఉస్మానియాలోనూ అంతే. ఉమ్మడి నోటిఫికేషన్ వేసి, సొంత విశ్వవిద్యాలయం తప్ప మిగిలినవాటికి ఐచ్ఛికాలు ఇమ్మంటే ఎవరి ఉద్యోగమూ పోదు. వయసు మీదపడి ఊరు కదలలేని పరిస్థితిలో ఉన్నవాళ్లకు ఈ ఒక్క విడతకు మినహాయింపు ఇవ్వడంలోనూ తప్పు లేదు, ఆ మినహాయింపు పొందినవాళ్ల సంఖ్యను విభాగాలవారీగా బయటపెడితే చాలు.

ఇదంతా జరగాలంటే ముందు లెక్కలు ఉండాలి. న్యాక్ మూల్యాంకనం కోసం విశ్వవిద్యాలయాలు అధ్యాపకుల వివరాలు ఎలాగూ సమర్పిస్తున్నాయి. అదే సమాచారాన్ని విభాగాలవారీగా ప్రజల ముందు పెట్టాలి: ఎవరు, ఎక్కడ డిగ్రీ, ఎక్కడ పీజీ, ఎక్కడ పీహెచ్‌డీ, గైడ్ ఎవరు, పరిశోధనాంశం ఏమిటి, ఉద్యోగానికి ముందు ఎక్కడ పనిచేశారు. ఇందులో రహస్యం ఏమీ లేదు. ప్రజల డబ్బుతో జీతం తీసుకునే అధ్యాపకుడి విద్యార్హతలు ప్రజలకు తెలియాల్సినవే. కొత్త నోటిఫికేషన్ కంటే ముందే ఈ పట్టికలు వెలువడితే, ఏ విభాగంలో ఎన్ని పోస్టులు తప్పనిసరిగా బయటివాళ్లతో నింపాలో ఉన్నత విద్యామండళ్లు వాటిని చూసి నిర్ణయించవచ్చు.